కాలికి కట్టుకున్న ఊయల తాడు

నా చిన్నప్పుడు నాకు బడి అంటే గుమ్మమే. నల్లబల్ల మీద సారు రాసే అక్షరాలు అంత దూరం నుంచి చీమల బారులా కనబడేవి. ముందు వరసలో కూర్చునే పిల్లల ముఖాలు కూడా నాకు సరిగా తెలియవు, వాళ్ల వీపులే తెలుసు. కానీ గుమ్మానికి కుడిపక్క పెచ్చులూడి ఎర్రమన్ను బయటపడ్డ గోడ, దాన్ని ఆనుకుని నేను పరుచుకునే గోనెపట్టా, అరిగి గుంటపడ్డ గడప రాయి, ఇవన్నీ ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనబడతాయి.

ఆ బడి నానక్‌రామ్‌గూడలో ఉండేది. అది ఎక్కడో చూపించమంటే ఇవాళ నేనే చూపించలేను. ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో ఒకరోజు పనిగట్టుకుని వెతకడానికి వెళ్లాను. అద్దాల మేడల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే ఒక గేటు దగ్గర కాపలా ఉన్నాయన లేచి, "ఏ కంపెనీ మేడం? ఎవరిని కలవాలె?" అని మర్యాదగానే అడిగాడు. ఏ కంపెనీ పేరని చెప్పను? దారి తప్పానని అబద్ధం చెప్పి తిరిగి వచ్చేశాను.

మాది పాలమూరు వైపు. వానలు మొహం చాటేసిన ఒక ఏడాది మా అమ్మా నాన్నా మేస్త్రీ వెంట ఇక్కడికి రాళ్ల పనికి వచ్చారు. అప్పట్లో ఇక్కడ ఎటు చూసినా గుట్టలే. నాన్న సమ్మెటతో బండలు పగలగొట్టేవాడు, అమ్మ ఎండలో కూర్చుని వాటిని కంకర చేసేది. గుట్ట కింద తడికెలతో కట్టుకున్న గుడిసె మాది. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఇంకా ఏడాది నిండలేదు. మధ్యాహ్నాలు గుట్ట మీద మందు పెట్టి బండలు పేల్చేవారు కాబట్టి చంటివాణ్ణి అక్కడికి తీసుకుపోవడానికి లేదు. పొద్దుటి నుంచి అమ్మ దిగి వచ్చేదాకా వాడి పూచీ నాదే.

బడి మా గుడిసెకు కూతవేటు దూరం. పిల్లలంతా ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతుంటే మాకు వినబడేది. వాళ్లు ఏం చదువుతున్నారో నాకు తెలియదు, తెలిసినా అర్థం కాదు. అంతమంది కలిసి ఒకే మాట అంటున్నారన్నదే నాకు ఆశ పుట్టించింది. పొద్దంతా నేను మాట్లాడటానికి తమ్ముడు తప్ప ఎవరూ ఉండేవారు కాదు, వాడికేమో మాటలు రావు. అమ్మను పోరగా పోరగా చివరికి ఒకనాడు ఒప్పుకుంది. "పోతె పో. గని పోరడు నీ కండ్ల ముందలనే ఉండాలె. వానికేమన్నయితే ఇగ బడీ లేదు, గిడీ లేదు" అంది. మా అమ్మ ఒకసారి అంటే అన్నట్టే.

బడి ఎదురుగా పది పన్నెండు అడుగుల దూరంలో ఒక వేపచెట్టు ఉండేది. అమ్మ పాతచీరతో దాని కొమ్మకు ఊయల కట్టి తమ్ముణ్ణి అందులో పడుకోబెట్టాను. గుట్ట మీద పారేసిన తాడు ముక్కలు ఏరుకొచ్చి, ముడులేసి, ఒక కొస ఊయలకు కట్టాను. రెండో కొస గుమ్మంలోంచి లోపలికి తెచ్చి నా కుడికాలి బొటనవేలికి చుట్టుకున్నాను. ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. రాళ్లు కొట్టే తల్లులు చేతి పని ఆగకుండా కాలితోనే ఊయల ఊపుతారు. మా అమ్మ నన్నూ అలాగే ఊపి పెంచింది. గోనెపట్టా అంచు కాలి మీదికి లాక్కుంటే తాడు కనబడేది కాదు. పలక ఒళ్లో, తమ్ముడు కాలి వేలికి, నేను గుమ్మంలో. అలా మొదలైంది నా చదువు.

ఊరి పిల్లలు నన్ను పాలమూరోళ్ల పిల్ల అనేవారు. తిట్టేవారని చెప్పను, ఎందుకంటే తిట్టాలన్నా ముందు పలకరించాలి కదా. నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. మంచినీళ్ల కుండ దగ్గరికి నేను వెళితే ఒకరు నాకు పైనుంచి దోసిట్లో పోసేవారు, గ్లాసు చేతికిచ్చేవారు కాదు. వాళ్ల అమ్మలు చెప్పి పంపిన ప్రకారమే వాళ్లు చేశారు, ఇప్పుడు నాకు కోపం లేదు. అప్పుడు మాత్రం ఉండేది. బడిలో నేను నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకుండానే రెండు నెలలు గడిచిపోయాయి. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి మాత్రమే ఎత్తేదాన్ని.

సారు కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. తెల్లచొక్కా, దళసరి కళ్లద్దాలు. అందరినీ 'అండి' అని పిలిచేవారు. పాలు పోసేవాణ్ణి కూడా "ఇవాళ ఆలస్యమైందేమండీ" అనేవారు. పిల్లలు ఆయన వీపు వెనక 'అండీ అండీ' అంటూ వెక్కిరించేవారు. ఆ ఊళ్లో ఒంటిగది కిరాయికి తీసుకుని ఒక్కరే వండుకు తినేవారు. సాయంత్రం గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కనబడేవారు. ఆ బడిలో ఒంటరివాళ్లం ఇద్దరమని నాకు ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు సారు అంటే నాకు హడలు.

ఆయన చాలా మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక పిల్ల రోజూ చెప్పులు విడిచే చోట, గుమ్మంలో కూర్చోవడం ఆయన చూశారు. ఊరి పిల్లలు నన్ను అక్కడికి నెట్టేశారనుకున్నారు. బయట వేపచెట్టుకు ఊయల ఉందని ఆయనకూ కనబడింది, కానీ పనికి వచ్చిన కూలితల్లి ఎవరో కట్టుకుని ఉంటుందనుకున్నారట. ఆ ఊయల ఎవరిదో పిల్లలందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఒక సోమవారం ఆయన కొత్త పద్ధతి పెట్టారు. వారానికోసారి వెనక వరస ముందుకు రావాలి, ముందు వరస వెనక్కి పోవాలి. పెద్దా చిన్నా తేడా లేదు. చెప్పడం అయ్యాక సూటిగా నా వైపు చూసి, "నువ్వు కూడా రామ్మా. ఎప్పుడూ ఆ గుమ్మంలోనేనా? వచ్చి ఇక్కడ కూర్చో" అని ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీగారి అమ్మాయి పక్కన చోటు చూపించారు.

నా జన్మలో నాకు అంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు. అంత భయం కూడా ఎప్పుడూ వెయ్యలేదు. కదలకుండా కూర్చున్నాను. మళ్లీ పిలిచారు. తాడు సంగతి చెప్పాలంటే నోరు పెగల్లేదు, చెబితే ఊయలతో పాటు నన్నూ పంపించేస్తారని భయం. తమ్ముడు అప్పుడే నిద్రపోయాడు కదా, కాసేపు పరవాలేదులే అనుకుని వేలి నుంచి తాడు విప్పి, గోనెపట్టా చంకన పెట్టుకుని ముందుకు వెళ్లాను. పట్వారీగారి అమ్మాయి నాకూ తనకూ మధ్య జానెడు చోటు వదిలి జరిగింది. అంత దగ్గర నుంచి నల్లబల్ల చూడటం అదే మొదలు. అక్షరాలు ఎంత పెద్దవో అప్పుడు తెలిసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ అక్షరాలు చూస్తూ కాసేపు తమ్ముణ్ణి మరిచిపోయాను.

అప్పుడు గుట్ట మీద ఈల మోగింది. మందు పేల్చే ముందు అందరూ పక్కకు తప్పుకోవాలని మేస్త్రీ మూడుసార్లు ఈల వేసేవాడు. ఆ చప్పుడుకు తమ్ముడు రోజూ ఉలిక్కిపడేవాడు. అందుకని మొదటి ఈల వినగానే నేను కాలితో ఊపు పెంచేదాన్ని. ఊగుతూ ఉంటే వాడు భయపడేవాడు కాదు. ఇప్పుడు నా కాలికి తాడు లేదు. లేచి పరుగెత్తాలి, పరుగెత్తాలంటే సారును అడగాలి. రెండో ఈల మోగింది. నోరు తెరిచాను. రెండు నెలలుగా ఆ గదిలో వాడని నా గొంతు నా మాట వినలేదు. సారు నల్లబల్ల వైపు తిరిగి ఏదో రాస్తున్నారు. మూడో ఈల కూడా మోగింది. ఆ గదిలో అంతమంది ఉన్నారు, నేను ఎవరి చెయ్యి పట్టుకుని లాగి చెప్పినా సరిపోయేది. అలా లాగగలిగేంత దగ్గరి చెయ్యి నాకు ఒక్కటీ లేదు.

గుట్ట పేలింది. వెంటనే తమ్ముడి కేక, ఆ తర్వాత ఏదో కింద పడ్డ చప్పుడు.

అప్పుడు వచ్చింది నా గొంతు. ఏమని అరిచానో గుర్తులేదు. నాకంటే ముందు సారే పరుగెత్తారు. ఉలిక్కిపడి లేచిన వాడు చీర అంచు మీదికి పాకి కిందపడ్డాడు, చెట్టు మొదట్లో ఉన్న రాయి ఎడమ కనుబొమ మీద చీరింది. సారు వాణ్ణి ఎత్తుకుని చేతిరుమాలు అదిమిపెట్టారు. తెల్లచొక్కా అంతా నెత్తురు. ఎవరో చెబితే అమ్మ గుట్ట దిగి వచ్చింది, చేతినిండా రాతిపొడి. ఆమె సారు మొహం చూడలేదు, నా మొహమూ చూడలేదు. పిల్లవాణ్ణి లాక్కుని చంకన వేసుకుని వెళ్లిపోయింది. గుడిసెకు పోయాక, "ఇగ సాలు" అని మాత్రం అంది. కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత మూడు రోజులు తడికెల సందులోంచి ఎక్కాలు వింటూ కూర్చున్నాను. తమ్ముడి కంటి మీద గుడ్డకట్టు. వాడు ఆడుకుంటూనే ఉన్నాడు, నాకే వాడి మొహం చూడటం కష్టంగా ఉండేది. నాలుగో రోజు సాయంత్రం సారు మా గుడిసెకు వచ్చారు. ఆయన్ను కూర్చోబెట్టడానికి మాకు మంచం లేదు. గుడిసె ముందు అమ్మ కొడుతున్న కంకర కుప్ప మీదే కూర్చున్నారు. అమ్మాయిని మళ్లీ బడికి పంపమన్నారు. అమ్మ పని ఆపకుండానే, "పంపుతె పోరన్ని ఎవరు జూస్తరు సారూ? నీ బడి జూస్తదా?" అంది. ఆయన నన్ను దగ్గరికి పిలిచారు.

"గుమ్మం దగ్గరే ఎందుకు కూర్చునేదానివమ్మా?" అని అడిగారు. అంతకు ముందు ఎవరూ అడగని ప్రశ్న అది. నేను కుడికాలు ముందుకు చాపాను. బొటనవేలి చుట్టూ తాడు ఒరుసుకుని కాయకట్టిన గీత ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "అడగకుండానే పిల్లను కదిలించాను. తప్పు నాదండి" అన్నారు.

మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ 'అండి' ఎవరికోసమా అని. వెనక గుట్ట తప్ప ఎవరూ లేరు. ఆమె చేతిలో సుత్తి ఆగిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత, "మీ కండ్ల ముందల ఉంటడంటె పంపుత" అంది.

మర్నాడు బడిలో సారు బల్ల ఎక్కి, మా అమ్మ పాతచీరను గది నడిమధ్య దూలానికి కట్టారు. తాడు మాత్రం నాకివ్వలేదు. అక్కడే ఆయన మంత్రం వేశారు. ఎక్కం తప్పు లేకుండా చెప్పినవాళ్లే ఊయల ఊపాలి, తప్పితే తాడు పక్కవాళ్లకు ఇచ్చెయ్యాలి అన్నారు. అంతే. అప్పటిదాకా ఎక్కాలంటే కడుపునొప్పి తెచ్చుకునేవాళ్లు కూడా తాడు కోసం పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక ఊపుకు రెండొకట్ల రెండు, మరో ఊపుకు రెండ్రెళ్లు నాలుగు. తమ్ముడు మొదటి రోజే రెండో ఎక్కం అయ్యేలోపు నిద్రపోయాడు. వాడు నిద్రపోయినప్పుడు అందరూ గొంతులు తగ్గించుకుని గుసగుసగా చదివేవారు. నా వంతు వచ్చిన రోజు అందరి ముందూ నిలబడి మూడో ఎక్కం చెప్పాను. తమ్ముడికి చెబుతున్నాననుకుని చెప్పాను కాబట్టి గొంతు ఆగలేదు.

ఊళ్లో గొణుగుళ్లు మొదలయ్యాయి. పట్వారీగారు స్వయంగా వచ్చి, "ఇది బడా, పిల్లల దవాఖానా? కూలోళ్ల పోరన్ని మా పిల్లలు ఊపుడేంది?" అని గట్టిగానే అడిగారు. సారు నొచ్చుకోలేదు. "మీ అమ్మాయికి పన్నెండో ఎక్కం దాకా వచ్చిందండి, ఓసారి చెప్పించుకోండి" అన్నారు. వాళ్లమ్మాయి తాడు వదలకుండానే గడగడా చెప్పేసింది. తండ్రి కూతురి వైపు రెండుసార్లు చూసి, వెళ్లిపోయారు.

దీంతో అందరూ నాతో కలిసిపోయారని రాస్తే బాగుంటుంది కానీ, అది నిజం కాదు. తాడు పట్టుకున్నంతసేపే ఆ స్నేహం. బడి వదిలాక వాళ్లు ఊరి వైపు, నేను గుట్ట వైపు. మంచినీళ్లు పైనుంచి పొయ్యడమూ మానలేదు. ఒక మంచి మనిషి ఒక గదిలో చెయ్యగలిగినది ఆయన చేశారు, ఊరిని మార్చడం ఆయన తరమా? ఏడాదిన్నర తర్వాత ఆ గుట్ట అయిపోయింది, మేస్త్రీ ఇంకో గుట్ట చూసుకున్నాడు. మావాళ్లు వెళ్లే ముందు సారు అమ్మానాన్నలతో మాట్లాడి నన్ను ప్రభుత్వ హాస్టల్లో చేర్పించారు. తమ్ముడు వాళ్లతో వెళ్లాడు. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను. వాడు ఏ బడికీ నిలకడగా వెళ్లలేదు. ఏ ఊళ్లోనూ వాడి కోసం ఆగి అడిగే సారు దొరకలేదు. ఈ ముల్లు నాలో ఉండనే ఉంది.

పెద్దయ్యాక వాడు నానక్‌రామ్‌గూడలోనే షేర్ ఆటో నడిపాడు, అమ్మా నాన్నా గుట్టలు కొట్టిన దారుల్లోనే. చదవడం రాదు. కానీ ఇరవయ్యో ఎక్కం దాకా ఎక్కడ అడిగినా చెప్పేవాడు. ఎప్పుడు నేర్చుకున్నావురా అంటే నవ్వి, కనుబొమ మీది మచ్చ తడుముకుని, "ఏమో అక్కా, పుట్టుకతోనే ఒచ్చినయి" అనేవాడు.

చివరికి జబ్బు చేసి దవాఖానలో పడ్డాడు. ఒక మధ్యాహ్నం నిద్రపట్టక పొర్లుతూ, "అక్కా, ఏడో ఎక్కం జెప్పు" అన్నాడు. వార్డులో అందరూ చూస్తున్నా మొదలుపెట్టాను. ఏడేడుల నలభై తొమ్మిది దగ్గర కళ్లు మూసుకున్నాడు. మిగతాది గుసగుసగా చదివాను, బడిలో చదివినట్టే. వారం తిరక్కుండానే వాడు పోయాడు. మా ఆయన అంతకు ముందే పోయారు, మాకు పిల్లలు లేరు. నా చిన్ననాటి సంగతి ఎత్తితే అవునని చెప్పడానికి ఇప్పుడు లోకంలో ఎవరూ లేరు.

నార్సింగిలో చిన్న ఫ్లాటులో ఉంటాను. వారానికి మూడు రోజులు ఆటో ఎక్కి, కొత్త మేడలు కడుతున్న చోట కూలీల పిల్లల కోసం వేసిన రేకుల షెడ్డుకు పాఠాలు చెప్పడానికి వెళతాను. ఒడిశా పిల్లలు, బిహారు పిల్లలు, మా పాలమూరు పిల్లలు కలగలిసి ఉంటారు. నాకు వాళ్ల భాషలు రావు, ఎక్కాలు మాత్రం మూడు భాషల్లో ఒకేసారి చదువుతాం. శనివారాలు కంపెనీల్లో పనిచేసే అమ్మాయిలు కొందరు సాయానికి వస్తారు, బంగారుతల్లులు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి, ఒడిశా పిల్ల ఒళ్లోంచి సెల్‌ఫోను తీసుకోబోయింది, పాఠం మీద ధ్యాస ఉండటం లేదని. "ఆగమ్మా, ముందు అడుగు" అన్నాను. అడిగితే తేలింది. వాళ్లమ్మ పదిహేడో అంతస్తులో పనిచేస్తోంది, చంటిపిల్ల గుడిసెలో నిద్రపోతోంది, పక్కింటావిడ దగ్గర ఇంకో ఫోను ఉంది. చంటిది లేస్తే ఆవిడ మోగిస్తుంది. ఆ పిల్ల ఒళ్లో ఉన్నది ఫోను కాదు, ఊయల తాడు. ఇకనుంచి చంటిదాన్ని షెడ్డుకే తెమ్మన్నాను.

సారు నాకు నేర్పింది అదొక్కటే. పిల్లల్ని ముందుకు రమ్మనే ముందు వాళ్లు ఉన్నచోట ఎందుకు ఉన్నారో అడగాలి. ఆయన దాన్ని పాఠంగా చెప్పలేదు. పొరపాటు చేసి, కంకర కుప్ప మీద కూర్చుని ఒప్పుకున్నారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో శిక్షణలకు వెళ్లాను, ఎన్నో కొత్త పద్ధతులు విన్నాను, ఏదీ ఇంతకంటే ఎక్కువ పనికిరాలేదు.

ఇప్పుడా చంటిది షెడ్డులో రేకుల కింది ఇనుపకడ్డీకి కట్టిన ఊయలలో పడుకుంటుంది. ఎక్కం వచ్చినవాళ్లే ఊపాలని నేనూ నియమం పెట్టాను, తాడు కోసం వాళ్లూ పోట్లాడుకుంటున్నారు. నాకు అక్కడ చెయ్యడానికి పనేమీ ఉండదు, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వింటాను. వాళ్లు ఎక్కం ఎత్తుకోగానే నా కుడికాలి బొటనవేలు దానంతట అదే కదలడం మొదలుపెడుతుంది. తమ్ముడు పోయి మూడేళ్లయింది. ఆ వేలికి ఆ సంగతి ఇంకా తెలియదు.